ఒక్కన్నే పోయిన

మా దొర పోయిండని నాకు ఎవరు కబురు చెయ్యలే. ఆటో తోలుకుంట జగిత్యాల బస్టాండు ముంగటికి వచ్చేటాళ్లకు ఫ్లెక్సీ కనవడ్డది. ఇంటి ఎత్తు ఫ్లెక్సీ. మంచుగుట్టల ముంగట తెల్లకారు, కారుకు ఒరిగి మా దొర. నెత్తి మీద టోపి, చేతులకు తెల్ల తొడుగులు, ఒక కాలు బంపరు మీద. కింద ఇంతింత అక్షరాలతోని రాసిన్రు: 'ఒంటరి బాటసారికి కన్నీటి వీడ్కోలు.'

ఆటో పక్కకాపి మల్లొకసారి చదువుకున్న. ఏడుపు రావాలె గద, నవ్వొచ్చింది. ఒంటరి బాటసారి! ఎనుక గూసున్న పండ్ల గంపామె "ఏమాయెనే, నడిరోడ్డు మీద ఆపి గట్ల నవ్వుతున్నవు?" అన్నది. "ఏం లేదవ్వా, మా దొర సచ్చిపోయిండు" అన్న. ఆమె నన్ను ఎగాదిగ చూసి గంప దగ్గరికి గుంజుకున్నది.

ఆయన పేరు నేను చెప్ప. బతికున్నన్ని రోజులు ఆయన నోట్ల నా పేరు ఒక్కసారి రాలే. 'ఓరి' అన్నడు, 'అరే' అన్నడు, 'గాడేడ సచ్చిండు' అన్నడు. మా అవ్వ నాకు పోశాలని పేరు వెట్టిందన్న సంగతి ఆయనకు ఎరికనో లేదో గూడ నాకు తెల్వది. ఇగ నేనెందుకు ఆయన పేరు పలుకాలె? దొర. గంతే.

వెల్గటూరు దిక్కు ఒక ఊరికి దొర. మా నాయన ఆయనింట్ల జీతమున్నడు, నాయన తర్వాత నేనున్న. ఊళ్లల్ల కూలోళ్ల సంగాలు వచ్చినయి, జనం ఎదురు మాట్లాడుడు నేర్సిన్రు, నక్సలైటు అన్నలు తిరుగుతున్నరని పుకారు లేశింది. ఒకనాడు పొద్దుగాలనే కోటసుంటి గడికి తాళమేసి, జగిత్యాలల ఇల్లు కిరాయికి పట్టిండు. నన్ను సుత సామాన్లతోని పాటు తెచ్చుకున్నడు. అప్పట్ల జగిత్యాల నిండ గసుంటి దొరలే ఉండిరి. ఒకాయన పత్తాలాడుకుంట పొద్దు వుచ్చుతుండె. ఇంకొకాయన అరుగు మీద గూసోని ఊరోళ్లను తిట్టుకుంట ఉండె. మా దొర కారు కొన్నడు. ఊళ్లె ఆయన మాట నడుస్తలేకుండె, కారన్న నడిపిచ్చుకుందామనుకున్నడు గావచ్చు.

కోర్టు ఎదురుంగ ఒక హోటలుండె. మాపటీలి ప్లీడర్లు, డాక్టర్లు, పాత దొరలు అందరు ఆడ కూడుతుండిరి. మా దొర పోయి నడుమ కుర్సీల గూసునేది.

"నాగపూరు పోయొచ్చిన్రట గద దొరా?" అని ఎవరన్న అడుగుడే ఆలస్యం.

"పోయిన. ఒక్కన్నే పోయిన."

"బొంబాయి గూడ గిట్లనేనా?"

"ఆ, ఒక్కన్నే."

ఆ మాట అనుటానికి ఆయనకొక షాన్ ఉండె. టీ గిలాస కింద వెట్టి, తెల్ల తొడుగు ఒక్కొక్క వేలు గుంజి తీసి, అటెనుక అంటుండె. ఎండకాలం సుత ఆ తొడుగులే. చేతులు చెమటకు నాని అన్నంలెక్క మెత్తగైనా సరే, తొడుగులు విడువకపోయేది. అందరు నోరు తెరిసి చూస్తుంటే ఇగ మొదలు వెట్టేది. "కారు నడుపుడంటే ఏందనుకుంటున్నరు? మనిషి తనతోని తాను మాట్లాడుకునుడు. రోడ్డు, మనం, గంతే. పక్కపొంటి ఇంకొకడు ఉన్నడనుకో, వాడు దగ్గుతడు, ఆకలంటడు, ఉచ్చకాపుమంటడు. మజా అంత పోతది. పోతే ఒక్కలే పోవాలె."

గీ ముచ్చట ఆయన లోపట చెప్తుంటే, నేను కిటికి అవుతల కారు తుడుసుకుంట వింటుండె. దగ్గెటోన్ని, ఆకలనెటోన్ని నేనే గద.

ఔ మల్ల. నాగపూరు పోయినా, బొంబాయి పోయినా, కాశికి పోయినా, ఆ ఫ్లెక్సీల ఉన్న కాశ్మీరుకు పోయినా, నేను సుత ఆ కారులనే ఉన్న. ఏడ కూసున్నవురా అంటరా? అదే అసలు ముచ్చట.

మొదటిసారి దూరం తీసిన్నాడు కారు కాడ పెద్ద పంచాయితే అయ్యింది. నేను ముంగటి తలుపు తీసి ఎక్కబోయిన. "ఏందిరో, నా పక్కకు గూసుంటవా?" అన్నడు. తప్పైంది దొరా అని దిగి, ఎనుక తలుపు తీసి సీటు మీద గూసున్న. ఆయన కారు స్టార్ట్ చేసిండు, అద్దంల నన్ను చూసిండు, మల్ల బంద్ చేసిండు. తల గోక్కున్నడు. "నువ్వు గక్కడ దర్జగ గూసోని, నేను గిక్కడ తోలుతుంటె, చూసెటోళ్లు ఏమనుకుంటరు? నువ్వు దొరవు, నేను నీ డ్రైవర్నననుకోరా?" అన్నడు.

నిజమే మరి. పక్కకు గూసుంటే నేను ఆయనతోని సమానం. ఎనుక గూసుంటే ఆయనకంటె పెద్దోన్ని. ఊళ్లె సవారి కచ్చురం ఉన్ననాడు గీ తకరారు లేకుండె. ఆయన లోపట కూసుంటుండె, మేము ఎడ్ల ఎంబడి ఉరుకుతుంటిమి. కారెంబడి నాగపూరు దాక ఉరుకుమనుడు ఆయనకే మంచిగనిపియ్యలే. అడ్వాకేట్లను అడుగుతె గూడ తెగని ఆ పంచాయితిని మా దొర జెరసేపట్లనే తెంపిండు.

"కింద గూసో."

కిందంటే ఏడ? ముంగటి సీటుకు, ఎనుక సీటుకు నడుమ, కాళ్లు వెట్టుకునే జాగల. మోకాళ్లు గదుమకు తలుగంగ, నీళ్ల డబ్బా ఒకదిక్కు, అన్నం గిన్నెలు ఒకదిక్కు, నడుమ నేను. ఎవరన్న తొంగి చూస్తే కనవడొద్దని మీదికెల్లి గొంగడి గూడ ఇచ్చిండు. బయటికెల్లి చూసెటోనికి మా దొర ఒక్కడే. వాళ్లదేం తప్పు లేదు.

మీకు నవ్వొస్తుండొచ్చు. నాకు సుత ఇప్పుడు నవ్వే వస్తది. కాశ్మీరు చూసినవానే అని మా వాడకట్టోళ్లు అడుగుతె, చూసిన అంట. ఏం చూసినవంటే, ఆకాశం చూసిన అంట. ఆ కిందికెల్లి కిటికీల ఆకాశం, కరెంటు తీగలు, చెట్ల కొనలు తప్ప ఇంకేం కనవడయి. కాశ్మీరు ఆకాశం గూడ మన జగిత్యాల ఆకాశం లెక్కనే ఉంటది, జెర సల్లగుంటది.

మరి ఒక్కనికే మజా ఉంటె నన్నెందుకు తీసుకపోవుడు? భయం. మా దొరకు భయమంటే గింత గంత భయం గాదు. లాడ్జిల గూడ తలుపుకు అడ్డంగ నేను పండాలె. కాశిల గడ్డపు సాధువులను చూసి, "ఓరి, గా గడ్డమోడు మనల్నే చూస్తున్నడురా, అన్నలు గీడిదాక వచ్చిన్రంటవా?" అని నా బుజం పట్టుకున్నడు. గంగ ఒడ్డుకు మన వెల్గటూరు ముచ్చట తెలుస్తదా అంటే వినడు. స్నానం సుత చెయ్యకుంట చెంబెడు నీళ్లు నెత్తిన సల్లుకోని కారెక్కిండు.

దారి అడుగుడు ఆయనకు నామోషి. మూడు తొవ్వలు కలిసిన కాడ కారాపి, తొడుగులు సదురుకుంట ముంగటికి చూస్తుండేది. "పోయి అడిగిరా" అనేది. నేను దిగి పోయి అడిగొచ్చి, "ఎడమ దిక్కట దొరా" అంటే, "నాకు తెల్వదారా? నీకు తెలువాలెనని పంపిన" అనేది. టైరు పంచరైతే గూడ గంతే. జాకీ ఎక్కిచ్చుడు, బోల్టులిప్పుడు, టైరు మార్సుడు అన్ని నావే. దూరం నుంచి బండి సప్పుడైతె చాలు, నన్ను చెట్టు చాటుకు పొమ్మని ఆయన పానా పట్టుకోని టైరు పక్కకు నిలవడేది. లారోళ్లు "ఒక్కలే మారుస్తున్రా సారు" అని దండం పెట్టి పోతుండిరి.

ఇగ కొండగట్టు ముచ్చట. కారు కొన్ననాడే అంజన్న కాడికి పూజకు తీస్కపోయిండు. గుట్ట ఎక్కుతుంటె బండి ఎనుకకు జారుతది. నేను ఇంత రాయి పట్టుకోని ఎంబడి ఉరుకాలె, బండి ఆగంగనే టైరు కింద వెట్టాలె. ఆయన మల్ల గేరేసి నాలుగు గజాలు పోవుడు, నేను మల్ల రాయెత్తుకోని ఉరుకుడు. పైకి పోయేటాళ్లకు నా నాలిక బయటికి వచ్చింది. పూజారి కారుకు నిమ్మకాయలు కట్టుకుంట, "గుట్ట మీరే తోలిన్రా దొరా?" అని అడిగిండు. "ఆ, ఒక్కన్నే" అన్నడు మా దొర. ఆ రాయిని గప్పటికెల్లి కారులనే ఉంచిండు. నేను, నీళ్లడబ్బా, అన్నం గిన్నెలు, రాయి. మా నలుగురిని తీసుకోని ఆయన ఒక్కడే దేశం తిరిగిండు.

అన్ని తిట్లే అంటరేమో, ఒక్క మంచి ముచ్చట గూడ చెప్త. పగటీలి దొరసాని కట్టిచ్చిన అన్నం తిన్నంక ఆయనకు కండ్లు మూతలు వడేటియి. "ఓరి, జెరసేపు తోలు. ఊరు రాంగనే లేపు" అని ఎనుక సీట్ల పండేది. ట్రాక్టరు తోలుడు నాకు ఊళ్లనే వచ్చు, కారు గూడ గట్లనే పట్టువడ్డది. ఆయన పండితె ఇగ కారుల మెలకువతోని ఉన్నది నేనొక్కన్నే. నాగపూరు అవుతల నల్లరేగడి నడుమ రోడ్డు, సూటిగ, సూపు ఆనినంత దూరం. కిటికీల నుంచి గాలి చెవులల్ల కొడ్తుంటె, ఎవరు పిలువరు, ఎవరు పని చెప్పరు. మా అవ్వ పాడే పాటలు నాకే తెల్వకుంట నోట్లెకు వచ్చినయి. అబ్బ, ఏం సుకమది! హోటల్ల దొర చెప్పే ముచ్చట అబద్ధం గాదని గప్పుడు సమజైంది. కాకపోతె ఆ సుకం ఆయన ఎన్నడు చూడలే, గుర్రు కొట్టుకుంట పన్నడు. ఊరు కనవడంగనే నేను లేపుడు, ఆయన తొడుగులేసుకోని స్టీరింగు కాడికి వచ్చుడు, నేను గొంగడి కిందికి పోవుడు.

ఇగ నా పానం మీదికి వచ్చిన ముచ్చట చెప్త.

సిరిసిల్లల వాళ్ల చుట్టాలింట్ల లగ్గం. అందరు కరీంనగరం మీదికెల్లి తిరిగి పోతున్నరు. కోరుట్ల మీదికెల్లి గుట్టల నడుమ ఉన్న దారి మంచిది గాదని చెప్పిన్రు. అన్నలు తిరుగుతున్నరు, పోలీసోళ్లు సుత తిరుగుతున్నరు, ఇద్దరి నడుమ వడొద్దన్నరు. మా దొర హోటల్ల కుర్సీల గూసోని "నాకెవని భయం? గుట్టల దారినే పోత. ఒక్కన్నే పోత" అన్నడు. అన్నంక తప్పుతదా? పోయినం.

కోరుట్ల దాటి గుట్టల్లకు వచ్చినంక కారు ఆగింది. గొంగడి కింద నాకు బూట్ల సప్పుడు ఇనవడ్డది. పోలీసోళ్లు. అటుదిక్కు ముందటి రోజే ఏదో గడ్‌బడ్ అయ్యిందట, రోడ్డుకడ్డంగ మొద్దులేసి అన్ని బండ్లను చూస్తున్నరు. మా ఎనుక ఒక జీపుల పెండ్లికి పోయెటోళ్లు, దొర చుట్టాలే, ఆగిన్రు.

"ఎవరెవరున్నరు?" అన్నడు జమేదారు.

"ఒక్కన్నే" అన్నడు మా దొర. హోటల్ల అన్నట్టే అన్నడు. తొడుగు సుత తీసిండో ఏమో.

"గీ దారిల ఒక్కలే వచ్చిన్రా! శాన ధైర్యం దొరా మీది."

గా మాటకు మా దొర ఉబ్బిపోయిండు. "గిదేం దారయ్యా, నేను కాశ్మీరే ఒక్కన్నే పోయొచ్చిన" అని మొదలువెట్టిండు. కాశ్మీరు మంచు దాక వచ్చిండో లేదో, గొంగడి బొచ్చు ముక్కులకు వోయి నాకు తుమ్మొచ్చింది. ఆపుకుందామని చూసిన. ఆగలే.

ఎనుక తలుపు తెరుసుకున్నది. తుపాకి గొట్టం గొంగడిని లేపింది. "దిగరా! సార్, దొర ఎనుక ఒకడు దాసుకోని ఉన్నడు!" అని మొత్తుకున్నరు. జుట్టు పట్టి రోడ్డు మీదికి గుంజిన్రు. కారంత దేవులాడిన్రు. జాకీ రాడు దొరికింది. ఆ కొండగట్టు రాయి దొరికింది. "రాయెందుకురా? దొర తల్కాయ పలుగగొట్టనీకా?" అని అదే రాయి చూపెట్టుకుంట మూతి మీద గుద్దిన్రు.

"నేను దొర మనిషినే సార్, మీ కాల్మొక్త, దొరనే అడుగుండ్రి" అన్న.

అందరు దొర దిక్కు చూసిన్రు. ఎనుక జీపుల చుట్టాలు సుత దిగొచ్చి చూస్తున్నరు. ఒక్క మాట. 'ఔ, వాడు నావోడే' అంటే అయిపోవు. నేను ఆయన కండ్లల్లకే చూస్తున్న. ఆయన నన్ను చూసిండు, జమేదారును చూసిండు, చుట్టాలను చూసిండు.

"నేనైతే... ఒక్కన్నే వచ్చిన" అన్నడు.

అబద్ధమాడలే పాపం. ఆయన లెక్కల నేను మనిషిని గాదు గద! నీళ్లడబ్బాను ఎవలన్న లెక్కవెడ్తరా?

"మీరు భయపడకుండ్రి దొరా, పోండ్రి, వీన్ని మేము చూసుకుంటం" అన్నడు జమేదారు. కారు పోయింది. మూడో గేరు వేస్తుంటె ఎప్పటిలెక్కనే గరగర అన్నది. ఆ సప్పుడు గుట్ట మలుపు దాక ఇన్న.

ఠాణల ఏం జేసిన్రో చెప్ప. అరికాళ్లు ఇప్పటికి చలికాలం వస్తె గుంజుతయి. కాలం ఎసుంటిదంటే, గట్ల రోడ్డు మీద పట్టుకపోయినోళ్లు కొందరు మల్ల ఇల్లు చేరలే. గుట్టల కాడ కాల్పులైనయని రేడియోల వచ్చేది, అటెనుక సచ్చినోళ్ల పేర్లు చదివేటోళ్లు. నా పేరు రేడియోల రావొద్దు తల్లీ అని ఎల్లమ్మకు మొక్కుకున్న. గంతకుముందు దాక నా పేరు ఎవలన్న పలికితే మంచిగుండునని ఉండె నాకు.

జగిత్యాలల ఏమైందో మా రాజవ్వ, నా పెండ్లాం, తర్వాత చెప్పింది. లగ్గం తిని దొర ఇంటికి వచ్చిండు. కారుల నేను లేను. ఇది పోయి "మా ఆయనేడి దొరా?" అని అడిగింది. "నాకేమెరుక? దారిల దిగిండు" అన్నడట. అప్పటికే ఆ చుట్టాల జీపు డ్రైవరు ముచ్చటంత బజార్ల చెప్పిండు. మా రాజవ్వ ఇంటికి పోయి, బీడీల చాట తెచ్చుకోని, కారు ముంగటి టైరుకు ఈపు ఆనిచ్చి కూసున్నది. కూసోని బీడీలు సుడుతున్నది.

"లెవ్వవే, కారు తియ్యాలె" అన్నడట దొర.

"నా మీదికెల్లి తియ్యి. మా ఆయన్ను ఎక్కిచ్చుకపోయింది నువ్వు. దించాల్సింది సుత నువ్వే. తెచ్చి గీడ దించు, లేస్త."

"వాన్ని నేనెక్కడ ఎక్కిచ్చుకున్ననే? నేనొక్కన్నే పోయిన!"

గల్లి గల్లి జమైంది. గప్పుడు లోపటికెల్లి దొరసాని వచ్చింది. ఆమె ఎన్నడు గడప దాటి మాట్లాడినామె గాదు. "ఒక్కలే పోతె నేను రెండు గిన్నెలల్ల అన్నమెందుకు గడ్తున్న? కారాగితె ఎవరు నూకుతున్నరు? పోండ్రి, పోయి ఆ పిలగాన్ని తీస్కరాండ్రి. లేకుంటె నేను సుత గిదే టైరు కాడ కూసుంట" అన్నదట. దొరసానికి నా దండం. ఇద్దరాడోళ్లు లేకపోతె నేనియ్యాల ఆటో తోలకపోదును.

దొర ఠాణకు వచ్చిండు. నన్ను అరుగు మీద కూసోవెట్టిన్రు, కాళ్లు కిందవెట్టరాదు. ఎస్సై ఆంధ్ర దిక్కు మనిషి, మాటకొక అండీ అంటడు.

"మొన్న ఒక్కరే అన్నారు. ఇవాళ ఇద్దరం అంటున్నారు. ఏది నిజమండీ?"

"ఇద్దరమే సార్. వాడు మా జీతగాడు."

"మరి ఆ రోజు ఒక్కణ్ణే అని ఎందుకన్నారు?"

"అంటే... వాడు ఉన్నా... నేనొక్కన్నే గద సార్."

ఎస్సైకి సమజ్ కాలే. "మీ మనిషైతే సీటు మీద కూర్చోకుండా కిందెందుకు దాక్కున్నాడు?"

"నేనే కూసోవెట్టిన. పక్కకు గూసుంటే బాగుండది. ఎనుక సీట్ల గూసుంటే..." మా దొర నోట్లె నోట్లె నములుతున్నడు.

"కూర్చుంటే?"

"చూసెటోళ్లకు నేను డ్రైవర్ లెక్క కొడ్త గద సార్!"

జవాన్లు మొఖాలు అటు తిప్పుకున్నరు. ఎస్సై లేసి కారు కాడికి పోయిండు, తలుపు తీసి ఆ జాగ చూసిండు. "ఇందులో మనిషి పడతాడా? జగిత్యాల నుంచి ఇక్కడిదాకా ఇందులో వచ్చాడా? నమ్మబుద్ధి కావట్లేదండీ. మీరోసారి కూర్చుని చూపించండి."

మా దొర తెల్లధోతి ఎగ్గట్టి, ఒక కాలు లోపట వెట్టిండు. ఇంకో కాలు వెట్టనీకి జాగ లేదు. ఎట్లనో దూరిండు. మోకాళ్లు చెవులకు తలిగినయి, టోపి కిందవడ్డది. "ఆ... పడ్తది సార్" అన్నడు లోపటికెల్లి. పడ్డది గని లెవ్వరాలే. ఇద్దరు జవాన్లు చెరొక రెక్క పట్టి గుంజితె, "నడుమో, నా నడుమో" అనుకుంట బయటికి వచ్చిండు. నేను అరుగు మీదికెల్లి చూసి నవ్విన. పలిగిన మూతితోని నవ్వితె ఎంత నొస్తదో తెలుసా? అయినా ఆపుకోలే. ఎస్సై నా దిక్కు చూసి, "తీసుకెళ్లండి" అన్నడు.

కారు కాడికి కుంటుకుంట పోయిన. ఎవలనడుగలే. ముంగటి తలుపు తీసి, దొర పక్క సీట్ల కూసున్న. దొర చూసిండు. ఎస్సై వరండల నిలవడి చూస్తుండె, దొర గేరేసిండు. కారు కదిలింది.

పక్క సీట్ల కూసునుడంటే ఏందో నాకు గప్పుడు తెలిసింది. తోలే పని లేదు, దాసుకునే పని లేదు. చేతులు ఒళ్లె వెట్టుకోని మనిషి లెక్క కూసునుడు. మక్కచేన్లు కంకులు పట్టి ఉండె. కోరుట్ల కాడ కళ్లాలల్ల పసుపు ఉడుకవెడ్తున్నరు, ఆ వాసన కారు నిండ వచ్చింది. కల్లు కుండలెత్తుకోని పోయే గౌడు ఒకాయన నన్ను చూసి నవ్విండు. ఆయనకు కారుల ఇద్దరం కనవడ్డం. కాళ్లు మంటలు వెడ్తున్నయి గని, సంబురమైంది నాకు, దాసుడెందుకు.   మనసుల ఒకటే అనుకున్న, దొర ఒక్క మాటన్న అంటడు, 'నొస్తున్నాదిరా' అని అన్న అంటడు.

జగిత్యాల పొలిమేరల కారాగింది. ముంగట బజారు, హోటలు, కోర్టు. దొర స్టీరింగు మీద చేతులు వెట్టుకోని ముంగటికే చూస్తున్నడు. జేబుల నుంచి తెల్ల తొడుగులు తీసి ఏసుకున్నడు.

"ఇగ ఎనుకకు వో" అన్నడు.

నాకు ఇనవడలేదనుకున్నడేమో, మల్ల అన్నడు. "ఊరొచ్చింది. ఎనుకకు వోరా. కింద గూసో."

నేను దిగిన. తలుపు గట్టిగ గుద్దిన, అద్దం పలుగాలెనని గుద్దిన, పలుగలే. ఎనుక తలుపు తియ్యలే. ఆ కాళ్లతోనే, గోడలు పట్టుకుంట, చెట్లు పట్టుకుంట ఇంటికి పోయిన. కారు జెరసేపు నా ఎంబడి మెల్లగ వచ్చింది, అటెనుక దాటిపోయింది. ఆయన కారుల మల్ల కాలు వెట్టలే. ఆయన గూడ దూరం పోవుడు గప్పటికెల్లి బందైంది. నడుము పట్టేసిందని చెప్పుకున్నడు.

నేను కాళ్లు కుదురుకున్నంక జీపు పట్టిన. జగిత్యాల, కోరుట్ల నడుమ కిరాయి జీపు. నిండితె గని కదిలేది గాదు. ఒళ్లె ఒకరు, మీద ఒకరు, ఎనుక ఏలాడుకుంట ఒకరు. పక్కకెవడు, ఎనుకెవడు అని పట్టింపు లేదు. సాయిబులు, పద్మశాలోళ్లు, బీడీలోళ్లు, కోళ్లు, మేకపిల్లలు. ఒకసారి నా ఒళ్లె సుత ఒక ముసలామె కూసున్నది, గేరెయ్యరాక సచ్చిన.

మా రాజవ్వ పొమ్మంటె దొర దినాలకు పోయిన. ఏసీ ఫంక్షన్ హాలు. ఆడ సుత అదే ఫ్లెక్సీ. ఒకలెనుక ఒకలు మైకు పట్టుకోని, ఆ అన్నల కాలంల, ఆ రోడ్ల మీద, ఒక్కడే, ఒక్కడే అని చెప్తున్నరు. నేను భోజనాల కాడికి పోకుంట ఫ్లెక్సీ ముంగట నిలవడ్డ. ఆ ఫొటో నాకు మంచిగ యాదికున్నది. ఫొటోలు తీసే కెమెరా నా చేతికిచ్చి, "గీ బటన్ ఒత్తురా, చెయ్యి ఊపకు" అన్నడు. ఎండ నా ఈపు మీద కొడ్తున్నది. అందుకే ఫొటోల కిందికెల్లి ఒక నీడ లేశి, దొర బూటు దాక పోయింది. రుమాలు చుట్టిన తల్కాయ నీడ. ఫ్లెక్సీ చేసినోడు ఇంత పెద్దగ చేస్తె ఆ తల్కాయ గూడ పెద్దగైంది.

దొర మనుమడు వచ్చి పక్కకు నిలవడ్డడు. పట్నంల నౌకరి చేస్తడట, గడ్డం మంచిగ కత్తిరిచ్చుకున్నడు.

"తాతా, మీరు మా తాతకు ఏమైతరు?"

"ఏం గాను కొడుకా" అన్న. "గా నీడ ఎవరిదో ఎరికనా?"

పిలగాడు వంగి చూసిండు. "ఫొటో తీసినాయనది గావచ్చు. దారిల పోయెటాయన ఎవరో."

"ఔ, దారిల పోయెటాయనదే."

"నేను గూడ వచ్చే నెల బండి మీద కాశ్మీరు పోతున్న తాతా. తాత లెక్క ఒక్కన్నే." పిలగానికి కండ్లల్ల నీళ్లున్నయి, మంచోని లెక్కనే ఉన్నడు. "నిజం చెప్పుండ్రి, మా తాత ఎన్నడన్న భయపడ్డడా, అంత దూరం ఒక్కడే పోనీకి?"

నేను ఫ్లెక్సీ దిక్కు చూసిన. తొడుగులు, టోపి, బంపరు మీద కాలు.

"గది ఇప్పుడు ఆయన్నే అడుగాలె కొడుకా" అన్న. "ఒక్కడే పోయింది గిదే మొదటిసారి."